దాపట అంకె, వలపట అంకె

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఒప్పుకుంటాను. సంతోషం అంతకంటే తొందరగా వస్తుందని మాత్రం ఎవరూ అనరు, అదే నా బాధ. స్ప్రెడ్‌షీటు గడిలో ఎడమ అంచుకు అతుక్కుని మొండికేసిన అంకె ఒకటి, నేను రాసిన చిన్న ఫార్ములాకు లొంగి కుడి అంచుకు జరిగిందంటే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడతాను. నందికొట్కూరులో ఎరువుల అంగడి పైన, మేడ మీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో నేను పాఠాలు చెబుతాను. కింద యూరియా బస్తాలు దించే చప్పుడు, పైన నా అరుపులు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం బెదురుతారు. తర్వాత వాళ్లూ లేచి నిలబడడం మొదలుపెడతారు.

ఇంత సంబరం దేనికో తెలియాలంటే ఒక చిన్న సంగతి చెప్పాలి. స్ప్రెడ్‌షీటులో అంకెలు రెండు జాతులు. కూడికకూ తీసివేతకూ పనికొచ్చే అసలైన సంఖ్య గడిలో కుడివైపుకు ఒరిగి ఉంటుంది. చూడడానికి అచ్చం సంఖ్యలాగే ఉంటూ లోపల వట్టి అక్షరం అయినది ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. దాన్ని కంప్యూటర్ ఒక పేరులాగా చూస్తుందే తప్ప లెక్కలోకి తీసుకోదు. వరస మొత్తం కూడమంటే దాన్ని దాటేసి పోతుంది, దాటేశానని కూడా చెప్పదు. ఎడమదాన్ని కుడికి తెచ్చే ఫార్ములా ఉంది, దాని పేరు వాల్యూ. కుడిదాన్ని ఎడమకు పంపే ఫార్ములా ఉంది, దాని పేరు టెక్స్ట్. ఈ రెండూ వచ్చినవాళ్లకు సగం ఆఫీసు పని వచ్చినట్టే.

పుస్తకంలో ఉన్నట్టు చెబితే ఇది పిల్లల తలకెక్కేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుండేది. ఒకరోజు విసుగొచ్చి బోర్డు మీద కాడి బొమ్మ గీశాను. కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు దాపటిది, కుడివైపు కట్టేది వలపటిది. మా వైపు నోటి మాటలో ఎలపటిది అంటారు. దాపటికి అలవాటైన ఎద్దును తీసుకుపోయి వలపట కడితే అడుగు వేయదు, వేసినా సాలు వంకరపోతుంది. సేద్యం ఇళ్ల పిల్లలకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని లేదు. అంకె కూడా అంతే, ముందు అది దాపటిదా వలపటిదా చూసుకోండి, ఆ తర్వాతే దున్నండి అని చెప్పాను. ఆ రోజు నుంచి మా సెంటర్లో టెక్స్ట్, నంబర్ అనే మాటలు పోయాయి. మేడం, నా ఆధార్ నంబరు ఎలపటికి పోయింది, దాపటికి తోలండి అని అడిగే పిల్లలు తయారయ్యారు.

కంప్యూటర్‌కు మన అంకె మీద మన కంటే ఎక్కువ నమ్మకం. మనం ఒకటి కొడితే, నువ్వు చెప్పేది ఇదీ అని తనే అర్థం చెప్పుకుంటుంది. ఒకమ్మాయి వాళ్ల నాయన పొలం సర్వే నంబరు ఐదు బై రెండు అని కొడితే, దాన్ని ఫిబ్రవరి ఐదో తేదీ చేసి కూర్చుంది. ఫీజు కట్టడానికి వచ్చిన ఆ నాయన తెర చూసి, మా చేనికి పుట్టినరోజు కూడా ఉండాదా అని అడిగాడు. నేను నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాను. కానీ ఇదే జబ్బు ఒకసారి నా వాళ్ల మీదికి వచ్చినప్పుడు నవ్వు రాలేదు.

ఆ కాడి బొమ్మ నాకు మా మేనత్త ఇంటి నుంచి వచ్చింది. ఆమెది ఓర్వకల్లు దగ్గర పల్లె. రాళ్ల గుట్టల నడుమ కొద్దిపాటి మెట్ట చేను, చేని మీదుగా అప్పుడప్పుడూ పోయే విమానం. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని గొంతెత్తి పాడుతుంది, చర్చి విడిచిన వెంటనే సరాసరి కొట్టంలోకి పోతుంది. అక్కడ ఆమె గిత్తలు ఉంటాయి. పాలపళ్ల దూడలుగా ఉన్నప్పుడు తెచ్చుకుంది. ఉలవలు ఉడకబెట్టి తనే చేత్తో తినిపించి పెంచింది. దాపటిదాన్ని పెద్దోడు అంటుంది, వలపటిదాన్ని చిన్నోడు అంటుంది. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు కదా, అవి ఇంటికి వచ్చిన ఏడే ఎండిన బోరులో మళ్లీ నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లు గిత్తలు తెచ్చినవేనని ఆమె నమ్మకం, కాదని పాస్టరుగారు కూడా అనలేదు.

మామ మాట తక్కువ మనిషి. గిత్తలకు పోటీ బండ లాగడం నేర్పింది ఆయనే, పక్కన పరుగెత్తి అదిలించేదీ ఆయనే. అయితే రెండేళ్లుగా మోకాళ్లు పట్టేశాయి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి, చొప్పకూ గడ్డికీ ఊరూరూ తిరగాల్సి వచ్చింది. చేను దున్నడానికి ట్రాక్టరు ఉండనే ఉంది. అందుకని ఆయన ఒక మాట అనేశాడు. నందికొట్కూరుకు కాస్త దూరంలో ఒక ఊరి తిరునాలలో ఏటా బండలాగుడు పోటీలు జరుగుతాయి. మా జిల్లా ఎడ్లే కాదు, కడప వైపు నుంచి కూడా వస్తాయి. అక్కడ ఫస్టు వస్తే ఇంకో ఏడు ఉంచుకుందాం, రాకపోతే సంతకు తోలుకపోతా అన్నాడు. అత్త సరేనంది. తర్వాత నాకు ఫోన్ చేసి, నీకు తెలుసు గదమ్మే మీ మామ మాట, అని ఏడ్చింది. మామ అన్నాడంటే చేస్తాడు. అది మా అందరికీ తెలుసు.

ఆ ఆదివారం పాస్టరుగారు వాన కోసం ప్రార్థన చేస్తూ చివర్లో ఈ సహోదరి గిత్తల కాళ్లకు బలమిమ్మని ఒక ముక్క కలిపారట. గుడి తిరునాలలో పోటీకి చర్చిలో ప్రార్థన ఏమిటని పెద్దలు ఇద్దరు గొణిగారు. అవి లాగేది బండనే కదప్పా అని అత్త వాళ్ల నోరు మూయించింది.

తిరునాల రోజు నేను సెంటర్‌కు సెలవు పెట్టి పోయాను. పొలంలో నేల చదును చేసి పొడుగాటి బాట వేశారు. రెండు పక్కలా తాళ్లు, తాళ్ల వెనక జనం, జనం వెనక ట్రాక్టర్ల మీద జనం. ఆ ఏడు కమిటీ వాళ్లు కొత్తగా ఇంత పెద్ద తెర తెప్పించారు. ఏ జత ఎంత లాగిందో, ఎవరు ముందున్నారో ఎప్పటికప్పుడు తెర మీద కనిపించాలని వాళ్ల ఆశ. ఆ పని ఆ ఊరి జిరాక్స్ అంగడి ఆయనకు అప్పజెప్పారు. వేదిక మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, కొత్త చొక్కా వేసుకుని, ఆయన పెళ్లికొడుకులా కూర్చున్నాడు. తెర మీద స్ప్రెడ్‌షీటు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్త గిత్తలను చూడడానికి వచ్చానో, ఆ షీటును చూడడానికి వచ్చానో నాకే తెలియలేదు.

పోటీ పద్ధతి తేలిక. ఇచ్చిన సమయంలో ఎడ్లు బండను ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు లాగుతూనే ఉంటాయి. గంట కొట్టగానే బండ ఎక్కడుంటే అక్కడ ఆగాలి. టేపు పట్టేవాళ్లు కొలిచి, మొత్తం ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు అని అరిచి చెబుతారు. రాసేటప్పుడు అడుగులకూ అంగుళాలకూ మధ్య ఒక చుక్క పెడతారు. క్రికెట్లో ఓవర్లకూ బంతులకూ మధ్య పెట్టినట్టే. చుక్క ఇవతల అడుగులు, అవతల అంగుళాలు. తరాలుగా అలాగే రాస్తున్నారు, అలాగే చదువుతున్నారు, ఎవరికీ ఏ చిక్కూ రాలేదు.

చీటీల్లో అత్త గిత్తలకు పొద్దున్నే వంతు వచ్చింది. మామ తువ్వాలు నడుముకు బిగించి, మోకాళ్ల సంగతి మర్చిపోయి దిగాడు. ఈలలు, డప్పులు, దుమ్ము. గిత్తలు కదిలిన తీరు చూసి నా ఒళ్లు జలదరించింది. మెడలు వంచి, గిట్టలు నేలలోకి దించి, రెండూ ఒకే ఊపిరితో లాగాయి. నేను తాడు పట్టుకుని ఏం అరిచానో నాకు గుర్తు లేదు. పక్కనున్న ముసలాయన చెవిలో వేలు పెట్టుకోవడం మాత్రం గుర్తుంది. అత్త అరవలేదు. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ నిలబడింది. గంట మోగాక టేపు పట్టినవాళ్లు చెప్పింది మైకు ఆయన అందుకున్నాడు. కర్నూలు నుంచి వచ్చిన ఆ మైకు ఆయన మాటకు ముందు ఒక ఛలోక్తి, మాట తర్వాత ఒక ఛలోక్తి వేసే మనిషి.

“మూడు వేల పన్నెండు అడుగుల పది అంగుళాలు. చర్చి అమ్మ గిత్తలు కదప్పా, పది ఆజ్ఞలు మాదిరి పది అంగుళాలు లాగినాయి” అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. అత్త కొంగుతో మొహం కప్పుకుంది, కానీ కొంగు వెనక నవ్వుతోంది. అప్పటికి అదే పెద్ద దూరం. తెర మీద అత్త ఊరి పేరు అన్నిటికంటే పైకి పోయింది. ఆ సంబరంలో నేను పేరు చూశానే కానీ దాని పక్కనున్న అంకె చూడలేదు. అంకెలు చూడమని రోజూ పిల్లల ప్రాణం తీసే మనిషిని, ఆ ఒక్కసారి చూడలేదు.

ఎండ నెత్తికెక్కింది, దిగింది. జత తర్వాత జత వచ్చి లాగి పోయింది. ఏదీ అత్త గిత్తలను దాటలేదు. సంతలో ఎడ్లు బేరం చేసే ఆయన ఒకడు పొద్దుటి నుంచి మామ చుట్టే తిరుగుతున్నాడు. అతన్ని చూసినప్పుడల్లా అత్త మొహం తిప్పుకుంది. చివరి జత కడప జిల్లాలో మైదుకూరు వైపు నుంచి వచ్చింది. దాని యజమాని పెద్ద రైతు, ఇప్పుడు కాంట్రాక్టులు కూడా చేస్తాడట. ఆ ఎడ్లు ఏనుగు పిల్లల్లా ఉన్నాయి. లాగుతుంటే నాకు చెమటలు పట్టాయి. అత్త నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు విరుగుతాయేమో అన్నంత గట్టిగా. గంట మోగింది. టేపు పట్టేవాళ్లు వంగారు, లేచారు. మైకు ఆయన మూడు వేల పన్నెండు అన్నాడు, ఆగాడు. అడుగులు సమానం అన్నమాట. జనం ఊపిరి బిగబట్టారు. పాయింటు తొమ్మిది అన్నాడు.

జిరాక్స్ ఆయన అంకె కొట్టాడు, వరస మార్చే బొత్తం నొక్కాడు. తెర మీద మైదుకూరు జత పైకి పోయింది. అత్త ఊరి పేరు రెండో గడికి దిగింది. మొదటి బహుమతి మైదుకూరు వాళ్లదని మైకులో చెప్పేశారు, డప్పులు మొదలయ్యాయి.

అత్త చెయ్యి వదిలేసింది.  గిత్తలు కట్టేసిన వైపు నడిచింది. మామ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, సంత బేరం మనిషి మామ పక్కనే ఉన్నాడు.

నేను మాత్రం తెరను చూస్తూ నిలబడిపోయాను. పైన 3012.9. కింద 3012.1. రెండూ కుడివైపుకు ఒరిగి ఉన్నాయి, బుద్ధిమంతుల్లా. పాయింటు ఒకటి ఎక్కడిది అనుకున్నాను. పొద్దున విన్నది పది కదా. ఆ క్షణంలో నాకు ఒళ్లంతా మంట పుట్టింది, ఆ వెంటనే పట్టరాని సంతోషం పుట్టింది. చుక్క తర్వాత పది కొడితే కంప్యూటర్ దాన్ని దశాంశం అనుకుంటుంది, చివరి సున్నాకు విలువ లేదని తుడిచేస్తుంది. పది అంగుళాలు ఒక్క అంగుళం అయిపోతుంది. జిరాక్స్ ఆయన సరిగ్గానే కొట్టాడు, గెలుపు చెప్పేటప్పుడు మైకు ఆయన తెర మీద ఉన్నదే చదివాడు. సున్నాను మింగింది కంప్యూటర్. పైగా పదిని పదిగా ఉంచినా దానికి .9 కంటే .10 చిన్నదే. దాపట ఉండాల్సిన అంకెను వలపట కట్టేశారు.

తాడు కింద నుంచి దూరి వేదిక మీదికి పరుగెత్తాను. జిరాక్స్ ఆయనకు చెబుతుంటే నా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆయన నన్ను జాలిగా చూశాడు.

“కంప్యూటర్ తప్పు చెప్తాదా మేడం? కావాలంటే మళ్లా కొడతా చూడండి” అన్నాడు.

అందరూ చూస్తుండగా అత్త గడిలో 3012.10 అని మళ్లీ కొట్టాడు. బొత్తం నొక్కగానే సున్నా మాయమైంది, 3012.1 నిలబడింది. ఆయన చేతులు చాచి, చూసినారా, అదే ఒప్పుకోవడం లేదు అన్నాడు. జనంలో కొందరు నవ్వారు. నాకు కోపం నషాళానికి ఎక్కింది.

ఇంతలో మైదుకూరు పెద్దరైతు వేదిక ఎక్కాడు. ఏం గొడవని అడిగాడు. చెప్పాను. అంతా విని, ఆ గిత్తల అమ్మ నీకేమైతాదమ్మా అని అడిగాడు. మా మేనత్త అన్నాను. దాచి లాభం లేదు, పొద్దుటి నుంచి నా అరుపులు అందరూ విన్నారు. అదీ సంగతి అన్నట్టు కమిటీ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మైకు ఆయన వైపు తిరిగాను. మీరు పొద్దున ఎంత అని చెప్పారో గుర్తుందా అని అడిగాను. ఆయన తల గోక్కున్నాడు. రోజంతా ఎన్నో అంకెలు చెప్పిన మనిషి, పాపం, ఏది గుర్తుంటుంది.

అప్పుడు జనంలోంచి ఎవరో, పది ఆజ్ఞలు అనలేదా నువ్వు, అని అరిచారు. ఇంకొకరు అందుకున్నారు. అంతే, తాడు పొడుగునా అదే మాట. పది ఆజ్ఞలు, పది అంగుళాలు. అంకెను మర్చిపోయిన జనం ఛలోక్తిని మర్చిపోలేదు. టేపు పట్టినవాళ్లు కూడా ముందుకొచ్చి పదేనని తలూపారు. ఈ గోలకు అత్త గిత్తల దగ్గర నుంచి తిరిగి వచ్చింది. మైకు ఆయన మర్యాదగా మైకు ఆమె ముందు పెట్టాడు.

“మోషే పది తెచ్చినాడు, ఈ మిషిను ఒకటే మిగిల్చినాది” అంది అత్త.

ఆ నవ్వు నందికొట్కూరు దాకా వినిపించి ఉంటుంది. మైదుకూరు పెద్దరైతు కూడా నవ్వాడు. నవ్వి, నా వైపు చూసి, “అయితే అందరూ చూసేటట్ల చెయ్యమ్మా. ఎద్దు లాగిన అంగుళం ఎద్దుకే చెందవల్ల” అన్నాడు. ఆ మాటకు ఆయన మీద నాకున్న కోపమంతా పోయింది. అసలు ఆయన మీద కోపం ఎందుకు తెచ్చుకున్నానో కూడా తెలియదు.

ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.  అన్నేళ్లు మేడ మీద గదిలో చెప్పిన పాఠం, ఇంత జనం ముందు, ఇంత పెద్ద తెర మీద. అత్త గడిలో ముందు పైన వేలాడే ఒంటి కామా, అదే అపాస్ట్రఫీ, పెట్టి, ఆ తర్వాత 3012.10 కొట్టాను. ఆ కామా ముందుంటే కంప్యూటర్ లోపలున్నదాని జోలికి పోదు, అక్షరంలా వదిలేస్తుంది. అంకె గభాలున ఎడమకు ఒరిగింది. సున్నా నిలబడింది. దాపటికి పోయింది అని నేను గట్టిగానే అన్నాను. ముందు వరసలోని రైతులు అర్థమైనట్టు తలూపారు.

జిరాక్స్ ఆయన ఉత్సాహం ఆపుకోలేక చెయ్యి చాచి వరస మార్చే బొత్తం నొక్కాడు. ఏదో ప్రశ్న వచ్చింది, ఏదో జవాబు నొక్కాడు. అత్త ఊరి పేరు టక్కున మొదటి గడికి పోయింది. జనం ఈలలు వేశారు. డప్పు ఆయన కర్ర ఎత్తాడు. అత్త నా భుజం పట్టుకుంది.

కాదు అన్నాను. ఇది గెలుపు కాదు. పెద్దదాని నుంచి చిన్నదానికి వరస పెట్టమంటే కంప్యూటర్ అక్షరాన్ని సంఖ్యల కంటే పైన కూర్చోబెట్టింది, అంతే. ఆ గడిలో ఒక్క అడుగని రాసినా పైనే కూర్చునేది. ఇలా గెలిస్తే రేపు ఎవరైనా ఇదే మాట అడుగుతారు, అప్పుడు నేను తల ఎత్తుకోలేను. అత్త నా భుజం మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆమె మొహం చూసే ధైర్యం చేయలేదు, చూస్తే నా వేళ్లు ఆగిపోయేవి.

పక్కన కొత్త వరస తెరిచి ఫార్ములా రాశాను. చుక్కకు ఎడమ ఉన్న ముక్కను కత్తిరించు, వాల్యూతో సంఖ్య చెయ్యి, పన్నెండుతో గుణించు. చుక్కకు కుడి ఉన్న ముక్కను కత్తిరించు, దాన్నీ సంఖ్య చెయ్యి, రెండూ కలుపు. అంటే అందరి దూరాన్నీ అంగుళాల్లోకి మార్చేయడం. అంగుళాల్లో చుక్క లేదు, చుక్క లేకపోతే గొడవ లేదు. ఫార్ములాను కిందికి లాగాను. గడులు చకచకా నిండాయి. మధ్యలో ఒకచోట మాత్రం తెర మీద తప్పు గుర్తు పడింది. జనం అయ్యో అన్నారు. చూస్తే ఆ జత సరిగ్గా అడుగుల దగ్గరే ఆగింది, అంగుళాలు లేవు, చుక్కే లేదు. లేని చుక్కను వెతకమంటే ఫార్ములా ఏం చేస్తుంది. దానికీ ముందు ఒంటి కామా పెట్టి, చివర చుక్కా సున్నా కొట్టాను. తప్పు గుర్తు పోయింది.

ఇప్పుడు వరస మొత్తం కుడివైపుకు ఒరిగి ఉంది. ఒక్కటి కూడా దాపట లేదు. ఎలపటికి వచ్చేసినాయి అని ముందు వరసలో ఒక ముసలి రైతు అరిచాడు. ఆయన స్ప్రెడ్‌షీటు చూడడం అదే మొదటిసారి అయి ఉంటుంది. నేను బొత్తం నొక్కాను.

మొదటి గడిలో ఓర్వకల్లు పల్లె, 36154. రెండో గడిలో మైదుకూరు, 36153.

ఒక్క అంగుళం. నేను కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడ్డాను. అరిచాను, ఎగిరాను, జిరాక్స్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన కూడా ఊపాడు, ఏ ఫార్ములా మేడం అది, ఇంకోసారి చెప్పండి అంటూ. మైకు ఆయన గొంతు పోయేదాకా పది ఆజ్ఞలు అని అరిచాడు. మైదుకూరు పెద్దరైతు తన మెడలోని దండ తీసి దాపటి గిత్త మెడలో వేశాడు. డప్పులు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి మా వైపు తిరిగి.

ఊరేగింపులో గిత్తలు ముందు నడిచాయి. మెడల్లో కొత్త మువ్వల పట్టెడలు, అదే అక్కడి మొదటి బహుమతి. అత్త పెద్దోడి పక్కన నడుస్తూ నన్ను అడిగింది, అంతసేపు ఏం చేసినావమ్మే అని. దాపటి అంకెను వలపటికి మార్చాను అన్నాను. ఎద్దును మార్చలేం గానీ అంకెను మార్చచ్చా అంది. ఫార్ములా ఉంటే మార్చవచ్చు అన్నాను. ఆమె పెద్దోడి మెడలో పట్టెడ సర్దింది. మన పేరు మొదటిసారి పైకి పోయినప్పుడు నువ్వు ఒప్పుకోకపోతివే, నా గుండె జారిపోయింది, అంది. కోపంగా అనలేదు.

గిత్తలను మినీ లారీ ఎక్కించే వేళకు పొద్దు గుట్టల మీదికి వాలింది. మామ అంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. వేదిక మీద శాలువా కప్పినప్పుడు కూడా మాట్లాడలేదు. బేరం ఆయన ఇంకా వెళ్లలేదు, లారీ పక్కనే బీడీ కాలుస్తూ నిలబడ్డాడు. మామ లారీ చెక్కను ఒంటి చేత్తో పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ, మా ఇద్దరి వైపూ చూడకుండా అన్నాడు.

“రేపు సంతకు పోతాండా.”

అత్త చెయ్యి గిత్త మూపురం మీద ఆగిపోయింది.  ఒప్పందం ఏమైందని అడగబోయాను. బేరం ఆయన బీడీ పారేసి దగ్గరికి వచ్చాడు.

“పగ్గాలు పాతబడినాయి. కొత్తవి తేవల్ల” అన్నాడు మామ.

బేరం ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. అత్త ముక్కు తుడుచుకుంది.

“ఎలపటోనికి రవ్వంత పొడుగుది తీసుకరా” అంది.